ఐసు ఖర్చు ఎవరి లెక్కలోకి వస్తుంది?

మత్స్యకారుల నష్టాల మీద మీ వ్యాసం చదివాను. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుఫానుకు పడవలు, వలలు ఎలా పోయాయో బాగా రాశారు. ఒడ్డున కూర్చుని అమ్మే ఆడవాళ్లను మాత్రం రెండు వాక్యాల్లో తేల్చేశారు. నేనుండేది చెన్నై తండయార్‌పేట. పక్కనే కాశిమేడు చేపల హార్బరులో నాకు ఆదివారం చేపలిచ్చే అక్క నెల్లూరు వైపు మనిషి, మా బేరమంతా తెలుగులోనే. ఎండలు ముదిరితే పొద్దున తొమ్మిదికే చేప మెత్తబడుతోందట, ఐసు రెండుసార్లు వేయాలి. ఆ డబ్బు ఆమె కొంగుముడి నుంచే. హెచ్చరిక వచ్చి పడవలు ఆగిపోతే ఆ రోజు వేలమే ఉండదు, అప్పు వడ్డీ మాత్రం ఆగదు.

ఎండుచేపల సంగతి ఇంకా ఘోరం. నెత్తళ్లు ఇసుకలో ఆరబోశాక అకాల వాన ఒక్క జల్లు పడితే చాలు, కోళ్లమేతకు అమ్ముకోవాల్సిందే. పడవ మునిగితే అధికారులొచ్చి రాసుకుంటారు, తడిసిన నెత్తళ్లకు ఎవరు రాస్తారండీ? మన ఆంధ్రాలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధానికి ఇచ్చే భృతి కూడా వేటకెళ్లేవాళ్లకే. ఉప్పాడలోనైతే ఆరబెట్టుకునే ఒడ్డునే సముద్రం తినేస్తోంది (మా పెద్దమ్మ వాళ్లది ఆ పక్క ఊరే, వెళ్లినప్పుడల్లా బీచ్ రోడ్డు కొత్తగా కోసుకుపోయి ఉంటుంది).

రెండో భాగం రాస్తే హార్బరు గేటు దగ్గర కాకుండా, చేపలు ఆరేసే చోట ఒక పూట కూర్చుని రాయండి.