సవరణ: రమ్యా హరిదాస్ సర్పంచ్ కాదు

కేరళ మాజీ ఎంపీ రమ్యా హరిదాస్ గురించి మొన్న రాసినదాంట్లో రెండు తప్పులు దొర్లాయి. ‘సర్పంచ్‌గా ఉండి 2019లో ఏకంగా లోక్‌సభకు వెళ్లారు, కేరళ నుంచి తొలి దళిత మహిళా ఎంపీ’ అన్నాను. రెండూ సరికాదు.

ఆమె అప్పట్లో కోళికోడ్ జిల్లా కున్నమంగలం బ్లాక్ పంచాయతీ అధ్యక్షురాలు. అంటే మన ఎంపీపీ లాంటి పదవి: జనం సభ్యులను గెలిపిస్తారు, ఆ సభ్యులు అధ్యక్షులను ఎన్నుకుంటారు. పంచాయతీ అన్న మాట కనబడగానే సర్పంచ్ అనేసుకున్నాను, అదీ జరిగింది.

ఇక తొలి దళిత మహిళా ఎంపీ భార్గవి తంకప్పన్. 1971లోనే అడూర్ నుంచి గెలిచారు. రమ్య రెండో వారు. అంటే మధ్యలో దాదాపు యాభై ఏళ్ల ఖాళీ, అసలు రాయాల్సిన సంగతి అదే!

మెజారిటీ సంగతి మాత్రం సరిగ్గానే రాశాను. పాటలు పాడుతూ ప్రచారం చేసిన ఆవిడ, ఆలత్తూర్‌లో రెండుసార్లు గెలిచిన సీపీఎం నేత పి.కె. బిజుని లక్షన్నరకు పైగా ఓట్లతో ఓడించారు. 2024లో మళ్లీ పోటీచేసి కె. రాధాకృష్ణన్ చేతిలో ఓడారు కాబట్టే, పైన ‘మాజీ ఎంపీ’ అన్నాను.