సున్నా కూడా రాలేదు

బావ ఊళ్లో లేడు. ఆయన కంప్యూటర్ ముందు అక్క కూర్చుంది, ఫోను స్పీకర్‌లో ఉంది. నేను పక్కన పేపరు చదువుతున్నట్టు నటిస్తున్నాను. నా ఓటు ఎవరికో ముందే చెప్పేస్తే మంచిది: అక్కకే.

బావ: మన బిల్లుల పట్టిక ఉన్న డేటాబేస్, అదే పోస్ట్‌గ్రెస్, తెరిచావు కదా? నేను చెప్పింది చెప్పినట్టు కొట్టావా? సెలెక్ట్ స్టార్ ఫ్రమ్ బిల్స్, వేర్ పెయిడ్‌డేట్ ఈజ్ నల్. కట్టిన తేదీ గడి ఖాళీగా, అంటే నల్‌గా ఉన్న బిల్లులు చూపించమని.

అక్క: కొట్టానండీ. ఎంటర్ కూడా నొక్కాను.

బావ: ఏమి వచ్చింది?

అక్క: ఏమీ రాలేదు.

బావ: అంటే చెల్లించని బిల్లులు సున్నా! అలా ఉండడానికి వీల్లేదే.

అక్క: సున్నా అని నేను అనలేదు. ఏమీ రాలేదన్నాను. పైగా కొట్టే చోట ఇందాక బాణం ముందు రెండు గీతలు ఉండేవి, ఇప్పుడు ఒకటే...

బావ: బాణాల సంగతి తర్వాత. ఈజ్ బదులు ఈక్వల్ గుర్తు పెట్టి ఉంటావు. నల్‌ను ఈక్వల్‌తో పోలిస్తే ఒక్క వరుసా రాదు. నల్ నల్‌తో కూడా సమానం కాదు.

అక్క: తనకు తానే సమానం కాదా?

బావ: కాదు. అలాగని అసమానమూ కాదు. అవును, కాదు కాకుండా మూడో జవాబు ఒకటుంది, ‘తెలియదు’ అని.

అక్క: ఎప్పుడొస్తారని అడిగితే మీరు చెప్పేది అదే కదా.

బావ: (దగ్గి) సరే, తేలిక దారి చెబుతాను. సెలెక్ట్ కౌంట్, బ్రాకెట్‌లో స్టార్, ఫ్రమ్ బిల్స్. ఏమి వచ్చింది?

అక్క: ఏమీ రాలేదు.

బావ: అసాధ్యం! ఖాళీ పట్టిక అయినా సరే, కౌంట్ అడిగితే కనీసం సున్నా అని ఒక వరుస చూపించి తీరుతుంది.

అక్క: సున్నా కూడా రాలేదండీ.

బావ: కొంపదీసి పట్టిక ఎగిరిపోయిందా? ఆరు నెలల లెక్కలు!

అక్క: ఎగిరిపోతే అది చెప్పదా?

బావ: చెబుతుంది. అలాంటి పట్టిక లేదని ఎర్రర్ ఇస్తుంది.

అక్క: ఇవ్వలేదు.

బావ: అయితే లాక్ పడి ఉంటుంది!

అక్క: ఆ తాళంచెవి మీ జేబులోనే వెళ్లిపోయింది. రెండు రోజులుగా వెనక తలుపు నుంచి తిరుగుతున్నాను.

బావ: ఆ తాళం కాదే తల్లీ! ఒకరు ఆ పట్టిక నిర్మాణాన్నే మారుస్తుంటే ఇంకొకరి పని ఆగిపోవచ్చు, దాన్ని...

పావుగంట గడిచింది. సర్వర్, నెట్, చివరికి కీబోర్డు, అన్నీ అనుమానితులే. అక్క మాత్రం కాదు. అది నాకు నచ్చింది.

బావ: ఇక లాభం లేదు. తెర మీద ఉన్నది ఉన్నట్టు, అక్షరం పొల్లుపోకుండా చదువు.

అక్క: ఇది మొదటే అడగాల్సింది. సెలెక్ట్ స్టార్... ఈజ్ నల్. ఈజ్ అనే ఉంది, వినబడిందా? దాని కింద ఒంటిగీత బాణం, సెలెక్ట్ కౌంట్... ఫ్రమ్ బిల్స్. దాని కింద మళ్లీ ఒంటిగీత బాణం.

(అవతల నిశ్శబ్దం.)

బావ: సెమికోలన్ ఏది?

అక్క: మీరు చెప్పలేదు.

బావ: అది కూడా చెప్పాలా?

అక్క: నక్షత్రం చెప్పారు. బ్రాకెట్ చెప్పారు. దగ్గారు, ఒక్క క్షణం అది కూడా కొట్టాలేమో అనుకున్నాను.

బావ: ఒంటిగీత ఉందంటే వాక్యం ఇంకా పూర్తి కాలేదని. సెమికోలన్ పడేదాకా అది అలా ఎదురుచూస్తూనే ఉంటుంది.

అక్క: ఎదుటివాళ్లు చెప్పడం పూర్తయ్యేదాకా ఆగుతోందన్నమాట. మీకంటే నయం.

బావ: సరే సరే. ఇప్పుడు తొందరపడకు, ముందు బ్యాక్‌స్లాష్ ఆర్ కొట్టి పాతదంతా...

అక్క: సెమికోలన్ కొట్టేశాను. వచ్చిందండీ, ఏదో వచ్చింది! సింటాక్స్ ఎర్రర్!

బావ: హమ్మయ్య! రెండు ప్రశ్నలనూ కలిపి ఒకే వాక్యం అనుకుంది, అంతే!

ఎర్రర్ వచ్చినందుకు ఇంత సంబరపడిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. రెండు గీతల బాణం తిరిగొచ్చింది. మొదటి ప్రశ్నే మళ్లీ కొట్టి, చివర సెమికోలన్ పెట్టింది అక్క.

బావ: ఏమి వచ్చింది?

అక్క: ఏమీ రాలేదు.

బావ: అయ్యో!

అక్క: కంగారు పడకండి. ఏమీ రాలేదని వచ్చింది. సున్నా వరుసలట. పోయిన వారమే నేను అన్నీ కట్టి, తేదీలు వేయించాను కదా. అదే చెప్పబోతుంటే నల్ గురించి ఉపన్యాసం మొదలుపెట్టారు.

(చాలాసేపు ఏమీ వినబడలేదు.)

అక్క: ఫోను పెట్టేయనా?

బావ: ...

అక్క: సెమికోలన్ పెట్టలేదంటే ఇంకా ఏదో ఉందన్నమాట. చెప్పండి, ఆగుతాను.