పాత ఎస్‌యూవీకి కొత్త గేర్‌బాక్స్: కోడి ధర, మసాలా ధర

మా బండికి 14 ఏళ్లు. 1,62,000 మైళ్లు తిరిగింది. పోయిన నవంబరులో డల్లాస్‌లో ఆఫీసు నుంచి వస్తూ టోల్ రోడ్డు ఎక్కుతున్నప్పుడు యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ అరుస్తోంది గానీ బండికి ఊపు రావడం లేదు, గేర్ మూడో నంబరు దాటడం లేదు. మర్నాడు షాపుకి తీసుకెళ్తే స్కానర్ పెట్టి పది నిమిషాల్లో తేల్చేశారు. ట్రాన్స్‌మిషన్, అంటే గేర్‌బాక్స్ పోయింది, మొత్తం మార్చాలి, 5,800 డాలర్లు. బండిని బాగున్న రోజుల్లో అమ్మినా 4,500 వచ్చేది కాదు. ఇంట్లో విన్నవాళ్లందరిదీ ఒకటే మాట: చారానా కోడికి బారానా మసాలా ఎందుకు?

సామెత బాగానే ఉంది గానీ లెక్క తప్పు. కోడి ధరతో మసాలా ధర పోల్చి లాభం లేదు, ఇంకో కోడిని కొనాలంటే ఎంతవుతుందో చూడాలి. అమెరికాలో కొత్త బండి సగటు ధర 2025 సెప్టెంబరులో మొదటిసారి 50,000 డాలర్లు దాటిందని బండ్ల ధరలు లెక్కగట్టే కెల్లీ బ్లూ బుక్ సంస్థ లెక్క. కొత్త బండి లోను వాయిదా సగటున నెలకు 700 పైమాటే. ఆ 5,800 పెట్టి ఇంకో రెండేళ్లు నడిపితే నెలకు 240 చొప్పున పడుతుంది. ఇక్కడి రోడ్ల మీద బండ్ల సగటు వయసు 2025లో 12.8 ఏళ్లకు చేరిందని ఎస్ అండ్ పీ అనే పరిశోధన సంస్థ చెప్పింది ఊరికే కాదు, జనం ఈ లెక్క వేసుకునే పాత బండ్లను లాక్కొస్తున్నారు.

అలాగని కళ్లు మూసుకుని గేర్‌బాక్స్ మార్పించేయమని నేననను. అసలు 5,800 ఎందుకవుతుందో ముందు అడగాలి.

ఫ్యాక్టరీలో విప్పి బాగుచేసిన గేర్ పెట్టె, అంటే రీమాన్యుఫ్యాక్చర్డ్ యూనిట్, తెప్పిస్తే బిల్లులో పెద్ద ముక్క దానిదే. ఫోర్ వీల్ డ్రైవ్ బండి అయితే ముందు, వెనక చక్రాలకు శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసు కూడా దించాలి కాబట్టి పని పది, పన్నెండు గంటలకు తగ్గదు, గంటకు 150 డాలర్ల పైన వేస్తారు. తుక్కు యార్డు నుంచి తెచ్చిన పాత పెట్టె చవకే, కానీ అది ఎన్ని మైళ్ల బండిలోంచి ఊడదీశారో, ఎలాంటి చేతుల్లో నలిగిందో దేవుడికే ఎరుక. వారంటీ 90 రోజులంటారు, అదీ చాలాచోట్ల పెట్టెకే, మళ్లీ విప్పి బిగించే కూలి మనదే.

విజయవాడ ఆటోనగర్‌లో పనిచేసే మా బాబాయి కొడుక్కి ఫోన్ చేసి ఇదంతా చెబితే, వాడు ఒక్కటే అడిగాడు. "అసలు విప్పి చూశారా అన్నయ్యా?"

చూడలేదు! గేర్‌బాక్స్ కింద ఉండే ఆయిల్ పాన్ కూడా దించలేదు. ఆయిల్ మాడు వాసన వస్తోందా, పాన్‌లో ఇనుప రజను ఉందా, పోయింది ఒక సోలినాయిడా (ఆయిల్‌ను వదిలి ఆపే చిన్న కరెంటు వాల్వ్), వాల్వ్ బాడీయా (ఆ ఆయిల్ దారులుండే దిమ్మె), ఏమీ చూడకుండానే మొత్తం మార్చాలన్నారు. సోలినాయిడ్ అయితే కొన్ని వందల డాలర్లలో పోయే పని. షాపువాళ్లను తిట్టలేం కూడా, విప్పి బాగుచేసి ఇస్తే రేపు ఏదన్నా అయితే బాధ్యత వాళ్ల నెత్తినే, పెట్టె మారిస్తే ఆ బాధ్యత పెట్టె పంపినవాడిది. కూలి ఖరీదైన దేశంలో విప్పడం కంటే మార్చడమే వాళ్లకు సుఖం.

ఒక చిన్న భాగం మొత్తం పెట్టెను ఎలా మింగేస్తుందో చూడాలంటే 2005 నుంచి 2010 దాకా వచ్చిన నిస్సాన్ పాత్‌ఫైండర్ కథ చూడాలి. దాని అన్నదమ్ములు ఎక్స్‌టెర్రా, ఫ్రాంటియర్‌లదీ అదే కథ. గేర్ ఆయిల్‌ను చల్లబరిచే గొట్టం రేడియేటర్ లోపలే ఉంటుంది. మధ్యలో ఉన్న అడ్డు పగిలితే ఇంజిన్‌ను చల్లబరిచే కూలంట్ వచ్చి గేర్ ఆయిల్లో కలిసిపోతుంది. రెండూ కలిస్తే గులాబీ రంగు నురగ. అమెరికన్లు దానికి స్ట్రాబెర్రీ మిల్క్‌షేక్ అని పేరు పెట్టుకున్నారు, కడుపు మండినా హాస్యం మానరు. ఆ నీళ్లు క్లచ్ ప్లేట్ల మీద అంటించిన పొరను నానబెట్టి ఊడగొడతాయి. నిజానికి గేర్‌బాక్స్‌లో ఏ లోపమూ లేదు, కొన్ని వందల డాలర్ల రేడియేటర్ చేసిన పాపానికి కొన్ని వేల డాలర్ల గేర్‌బాక్స్ బలైంది. కంపెనీ మొదట 8 ఏళ్లు, 80,000 మైళ్ల దాకా వారంటీ పెంచింది. కోర్టు కేసులు పడ్డాక 10 ఏళ్లు, లక్ష మైళ్లన్నారు గానీ, 80,000 దాటితే ఓనరు తన వాటాగా 2,500, 90,000 దాటితే 3,000 కట్టుకోవాలి. లక్ష దాటినవాడికి ఏమీ లేదు. తెలిసినవాళ్లు ముందే రేడియేటర్ మార్చేసుకున్నారు, లేదా గేర్ ఆయిల్‌కి విడిగా కూలర్ పెట్టించుకుని బయటపడ్డారు.

ఇంకో మాట, జీవితకాలం గేర్ ఆయిల్ మార్చక్కర్లేదంటూ ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ కూడా తీసేసిన బండ్లు చాలా వచ్చాయి. ఎవరి జీవితకాలమో మాత్రం ఎవరూ చెప్పరు. బహుశా వారంటీది. 50, 60 వేల మైళ్లకోసారి రెండు మూడు వందలు పెట్టి ఆయిల్ మార్పించి ఉంటే మా బండి ఇంకొంత కాలం లాగేదేమో, నేనూ మార్పించలేదు, ఆ తప్పు నాదే.

ఆటోనగర్‌లో మాన్యువల్ గేర్‌బాక్స్‌ను బల్ల మీద పెట్టి విప్పి, అరిగిన బేరింగూ, గేర్లు సాఫీగా పడేలా చేసే సింక్రో రింగులూ మాత్రమే మార్చి మళ్లీ బిగించేస్తారు. అక్కడ సామానే ఖరీదు, చెయ్యి చవక. కానీ ఆటోమేటిక్ వస్తే ముట్టుకోనని మావాడే అన్నాడు, అందులో కంప్యూటరుంది, మన వల్ల కాదని. మన దగ్గరా ఆటోమేటిక్‌లు పెరుగుతున్నాయి, సెకండ్ హ్యాండ్‌లో పాత ఆటోమేటిక్ ఎస్‌యూవీలు చవగ్గా దొరుకుతున్నాయి. షెవర్లే 2017 చివరికల్లా ఇండియాలో అమ్మకాలు ఆపేసింది, ఫోర్డ్ 2021లో అక్కడ కార్ల తయారీకి దండం పెట్టేసింది. షెవర్లే క్యాప్టివానో ఫోర్డ్ ఎండెవరో చవగ్గా వచ్చిందని ఎగిరి గంతేసేవాళ్లు, దాని గేర్‌బాక్స్ విప్పగలిగిన మేస్త్రీ తమ ఊళ్లో ఉన్నాడా అని కొనకముందే కనుక్కోవాలి. ఇండియాలో 2025 సెప్టెంబరు 22 నుంచి విడిభాగాల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, సంతోషమే, కానీ భాగం దొరికినప్పుడు కదా ఆ తగ్గింపు.

మా బండి సంగతంటారా? 1,200 డాలర్లకు అమ్మేశాను. కొన్నది ఒక మెక్సికన్ మెకానిక్, బేరం కుదరక ముందే బండి కిందకి దూరి పాన్ దించి ఆయిల్ వాసన చూశాడు. ఇప్పుడు ఆదివారాలు ఇండియన్ స్టోర్ పక్కనున్న టైర్ల షాపు ముందు ఆ బండి కనిపిస్తుంటుంది, నడుస్తూనే ఉంది. ఎంత ఖర్చయిందని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.