అరవై శాతం దాటిన వైరం చెల్లదట

నవంబరు చివరి వారం రాగానే ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్ నగరంలోకి చలితో పాటు మా మిత్రుడొకాయన ఎక్సెల్ పట్టిక కూడా దిగుతుంది. ఆయన పాతికేళ్ల క్రితం ఎం.ఎస్. చదవడానికి ఇక్కడికి వచ్చి, ఇక్కడే ఉద్యోగమూ ఇల్లూ సంపాదించుకున్న తెలుగువాడు, లెక్కల మనిషి, ఏ విషయాన్నైనా శాతాల్లోకి దించనిదే అన్నం సయించనివాడు. థ్యాంక్స్‌గివింగ్ విందులో పులిహోర గిన్నె మీద మూత తీయకముందే కాలేజీ ఫుట్‌బాల్ మీద ఏటా ఒకే తీర్పు చదువుతాడు: "ఎప్పుడూ ఒకళ్లే గెలుస్తుంటే దాన్ని రైవల్రీ అని ఎలా అంటారండీ? అరవై శాతం దాటితే అది రైవల్రీ కాదు, అలవాటు." టీవీలో సూట్లు వేసుకుని కూర్చునే విశ్లేషకులు కూడా ఇంచుమించు ఇదే మాట అంటారు గనుక, దీన్ని ఒక్క మనిషి చాదస్తంగా కొట్టిపారేయకుండా, ఒక సిద్ధాంతానికి ఇవ్వవలసిన గౌరవమంతా ఇచ్చి పరిశీలించడం నా విధి అనుకుంటున్నాను.

ముందుగా ఆయన సిద్ధాంతాన్ని చట్టం చేద్దాం. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో ఏ రెండు జట్లయినా తమ మధ్య పగ ఉందని చెప్పుకోదలిస్తే, తగిన రుసుము చెల్లించి, గత యాభై ఏళ్ల ఫలితాల నకళ్లు జతపరచి, గెజిటెడ్ అధికారి సంతకంతో వైర ధ్రువీకరణ పత్రం పొందాలి. ఒక జట్టు గెలుపులు అరవై శాతం దాటిన మరుక్షణం ఆ పత్రం రద్దవుతుంది. ఓడిన జట్టు అభిమానులు ఆ రాత్రి నుంచి పళ్లు కొరకడం మానుకుని, ఎదుటి జట్టును మామూలు పొరుగువారిగా భావించి, పండుగకు పిలవడం మొదలుపెట్టాలి.

ఈ చట్టం అమల్లో ఉండి ఉంటే మా ఊరి విశ్వవిద్యాలయం ఒహాయో స్టేట్‌కూ, ఉత్తరాన పొరుగు రాష్ట్రపు మిషిగన్ విశ్వవిద్యాలయానికీ మధ్య పోటీ పుట్టిన కొత్తలోనే పోయేది. 1897లో మొదలైన ఈ పోటీలో ఒహాయో స్టేట్ తొలి గెలుపు చూసింది 1919లో. ఇరవై రెండేళ్ల పాటు ఒక్కసారైనా గెలవనివాడికి పగ పెట్టుకునే అర్హత లేదని మా మిత్రుడి పట్టిక చెబుతుంది. అదే పట్టిక 2019లో తిరగబడి, ఈసారి మిషిగన్‌కు అర్హత లేదని చెప్పింది. 2004 నుంచి 2019 దాకా మైదానంలో జరిగిన పదహారు ఆటల్లో మిషిగన్ గెలిచింది ఒక్క 2011లోనే కదా! ఆ ఏడాది విందులో ఆయన ఈ వైరానికి కర్మకాండ కూడా జరిపించాడు. తీరా 2021 నుంచి 2024 దాకా వరుసగా నాలుగుసార్లు మిషిగనే గెలిచింది. ఆయన చలించలేదు, నిష్పత్తిని సవరించుకున్నాడు.

లెక్కకు అందని చిన్న విషయం ఒకటుంది. 2024 నవంబరు 30న ఒహాయో స్టేట్ తన సొంత మైదానంలో 13–10 తేడాతో మిషిగన్ చేతిలో ఓడింది. గెలిచినవారు మైదానం మధ్యలో తమ జెండా పాతబోతే కొట్లాట జరిగి, పోలీసులు మిరియపు స్ప్రే కొట్టవలసి వచ్చింది. రెండు విశ్వవిద్యాలయాలకూ చెరో లక్ష డాలర్ల జరిమానా పడింది. ఆ ఓడిన జట్టే ఎనిమిది వారాలు తిరక్కుండా, జనవరి 20న నోటర్ డేమ్ విశ్వవిద్యాలయ జట్టును 34–23తో ఓడించి జాతీయ విజేత అయింది. ప్రపంచంలో ఏ ఊరైనా ఊరేగింపుల్లో మునిగిపోవలసిన ఆ వారంలో, మా వీధిలోని ముసలాయన ఒకరు మంచు ఎత్తుకుంటూ నాతో అన్న మాట: "అంతా బాగానే ఉంది గానీ, ఆ పదమూడు పది..." కప్పు గెలిచిన రాత్రి కూడా ఓటమిని నెమరువేసే ఈ గుణాన్ని శాతాల్లో ఎంతని రాయాలో నాకైతే తెలియదు.

మన పల్లెల్లో గట్టు తగాదాలు చూసినవారికి ఇదంతా విప్పి చెప్పనక్కరలేదు. దాయాదులిద్దరిలో ఒకడు మున్సిఫు కోర్టులో గెలుస్తాడు, జిల్లా కోర్టులో గెలుస్తాడు, హైకోర్టులోనూ గెలుస్తాడు. అన్నిసార్లూ ఒకడే గెలిచాడు గనుక వాళ్లిద్దరి మధ్య తగాదా లేదని చెప్పే ప్లీడరు ఇంకా పుట్టలేదు. పగ అనేది ఓడినవాడి ఆస్తి. గెలిచినవాడు దానికి కౌలుదారు మాత్రమే. 1951 నుంచి 1978 దాకా ఒహాయో స్టేట్‌కు కోచ్‌గా ఉన్న వుడీ హేస్ మిషిగన్ పేరు నోట పలకక "ఆ పై రాష్ట్రం" అనేవాడు. ఆ నేల మీద పెట్రోలు కొనడం ఇష్టంలేక, బండి ఆగిపోతే సరిహద్దు దాకా తోసుకొస్తానన్నాడని ఇప్పటికీ కథగా చెప్పుకుంటారు. తరువాతి కాలంలో వచ్చిన జాన్ కూపర్ ఇక్కడ 111 ఆటలు గెలిపించాడు, అయినా మిషిగన్ మీద రెండు గెలిచి పది ఓడి ఒకటి సమం చేసుకున్నందువల్ల, ఆ 111 ఎవరికీ గుర్తులేదు. 2000 ఏడాది ఆటలు ముగిశాక ఇంటికి పంపేశారు.

సమాన బలమే వైరానికి ప్రాణమైతే, దాన్ని కార్ఖానాలో తయారు చేయవచ్చునన్నమాట. ఆ ప్రయోగం నిజంగానే జరిగింది. 2015 జూన్‌లో కనెక్టికట్ విశ్వవిద్యాలయ కోచ్ బాబ్ డియాకో, ఫ్లోరిడాలోని సెంట్రల్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయంతో తమకు గొప్ప వైరం ఉందని ప్రకటించాడు. రెండు ఊళ్ల మధ్య వెయ్యి మైళ్లకు పైగా దూరం. అప్పటికి ఆడినవి రెండే ఆటలు, చెరొకటి గెలిచారు: సరిగ్గా యాభై శాతం! మా మిత్రుడి పట్టిక ప్రకారం ఇంతకన్నా స్వచ్ఛమైన వైరం భూమ్మీద ఉండదు. కోచ్ ఊరుకోలేదు, ట్రోఫీ కూడా చేయించాడు. దానికి "సివిల్ కాన్‌ఫ్లిక్ట్" అని పేరు పెట్టి, ఆ ఇంగ్లిషు మాటలో రెండు రాష్ట్రాల పొట్టి పేర్లు పెద్ద అక్షరాల్లో మెరిసేలా చెక్కించాడు. ఇంత చేసినవాడు ఎదుటివారిని అడగడం మాత్రం మరిచిపోయాడు. పిల్ల ఇంటివాళ్లకు కబురైనా లేకుండా, పెళ్లికొడుకు ఒక్కడే పీటల మీద కూర్చుని, తాంబూలం తానే ఇచ్చి తానే పుచ్చుకుని, శుభలేఖలు అచ్చువేయించుకున్నట్టయింది. ఆ శరత్కాలంలో సెంట్రల్ ఫ్లోరిడా జట్టు ఆడిన పన్నెండు ఆటలూ ఓడింది, అందులో ఇది కూడా ఒకటి. కనెక్టికట్ వారు 40–13తో గెలిచి, తమ ట్రోఫీని తామే ఎత్తుకుని ఇంటికి తెచ్చుకున్నారు. మరుసటి ఏడు, 2016లో, ఫ్లోరిడా జట్టు కనెక్టికట్‌కు వచ్చి 24–16తో గెలిచింది. న్యాయంగా ట్రోఫీ వాళ్లదే. వాళ్లు చేతులు దులుపుకుని, బస్సెక్కి వెళ్లిపోయారు. ట్రోఫీ మైదానం పక్కన మిగిలిపోయింది.

ఆ దృశ్యాన్ని నేను తరచుగా ఊహించుకుంటాను. ప్రేక్షకులు ఇళ్లకు పోయారు, దీపాలు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి, ఊడ్చేవాళ్లు వచ్చారు. పెళ్లి అయిపోయాక కల్యాణ మండపంలో ఏ చుట్టమూ పట్టుకెళ్లని స్టీలు గిన్నెలా అది అక్కడే ఉంది. గెలిచినవాడికి అక్కరలేదు, ఓడినవాడు తీసుకుంటే పరువు తక్కువ. ఊడ్చే మనిషి దాన్ని ఒకసారి ఎత్తి, చెక్కిన అక్షరాలు చదివి, ఏ రెండు దేశాల యుద్ధమో అర్థంకాక, మళ్లీ అక్కడే పెట్టి ఉంటాడు. ఆ డిసెంబరులో కోచ్ ఉద్యోగం పోయింది. ఆయనతోపాటే వైరమూ పోయింది. యాభై శాతం మాత్రం ఏ పాపమూ ఎరగదు.

దీనికి ఎదురుగా నోటర్ డేమ్, నేవీ (అమెరికా నౌకాదళ అకాడమీ) జట్ల సంగతి కూడా చెప్పి ముందుకు పోతాను. 1964 నుంచి 2006 దాకా వరుసగా నలభై మూడు సార్లు నోటర్ డేమే గెలిచింది, 2007లో మూడు అదనపు ఘట్టాల తరువాత నేవీ 46–44తో గెలిచింది. కానీ దీన్ని వైరమనడానికి నాకూ మనసొప్పదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో విద్యార్థులు లేక మూతపడబోయిన నోటర్ డేమ్‌ను నౌకాదళం తన శిక్షణ కేంద్రంగా చేసుకుని నిలబెట్టింది, ఆ రుణం తీర్చుకోవడానికే ఏటా ఆడుతున్నారు. మా మిత్రుడి పట్టికలో రుణానికీ పగకూ వేరువేరు గడులు లేవు.

ఇప్పుడు టెక్సస్. 1894లో మొదలై 2011 దాకా సాగిన పోటీలో టెక్సస్ విశ్వవిద్యాలయం 76 గెలిచింది, అదే రాష్ట్రంలోని మరో విశ్వవిద్యాలయం టెక్సస్ ఏ అండ్ ఎం 37 గెలిచింది, 5 సమం. అరవై శాతం ఎప్పుడో దాటింది. మరి ఏ అండ్ ఎం విద్యార్థులు ఏం చేశారు? ఎదుటి బడిని ఎద్దేవా చేసే పాటను తమ యుద్ధగీతంగా పెట్టుకున్నారు. ఆ ఆట ముందు రోజుల్లో దుంగలు పేర్చి కొండంత మంట వేసేవారు. 1999 నవంబరు 18న ఆ దుంగల పేర్పు కూలి పన్నెండుమంది చనిపోయారు. అందరూ చిన్నవాళ్లే. ఎనిమిది రోజుల తరువాత ఆట జరిగింది. ఏ అండ్ ఎం 20–16తో గెలిచింది. ఈ ఆట నిజమైన వైరమా కాదా అని ఆ పన్నెండు ఇళ్లకు వెళ్లి శాతాలు చదవగల మనిషి ఎవడో నాకు చూడాలని ఉంది.

ఆ ఆటను ఆపింది ఓటములు కాదు. డబ్బు! టెక్సస్ విశ్వవిద్యాలయం సొంత టీవీ చానల్‌కు ఇరవై ఏళ్లకు 30 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది, ఏ అండ్ ఎం అలిగి 2012లో వేరే సమాఖ్యకు, అంటే కొన్ని జట్లు కలిసి ఆడుకునే మరో కూటమికి పోయింది, 2012 నుంచి 2023 దాకా పన్నెండేళ్లు ఆట లేదు. పన్నెండేళ్లంటే నాలుగేళ్ల చదువుకు మూడు తరాలు. రెండేళ్ల ఎం.ఎస్. కోసం అక్కడికి వెళ్లిన మన పిల్లలకైతే ఆరు తరాలు. వాళ్లంతా ఆ యుద్ధగీతం నేర్చుకుని, లేని శత్రువును తిడుతూ పాడి, పట్టాలు పుచ్చుకుని వెళ్లిపోయారు. ఓక్లహోమాలో కూడా అంతే: ఓక్లహోమా 91 గెలుపులు, ఓక్లహోమా స్టేట్ 20, సమం 7 అనే ఘోరమైన అంకెలతో కూడా ఊపిరి తీసుకుంటూ వచ్చిన ఓక్లహోమా, ఓక్లహోమా స్టేట్ పోటీ, 2023లో ఓక్లహోమా స్టేట్ 27–24తో గెలిచిన తరువాత ఆగిపోయింది, ఎందుకంటే పెద్దన్న ఓక్లహోమా మరింత డబ్బున్న సమాఖ్యకు వెళ్లిపోయాడు. పసిఫిక్ తీరాన ఉన్న స్టాన్‌ఫర్డ్ ఇప్పుడు అట్లాంటిక్ తీర సమాఖ్యలో ఆడుతోంది. "బిగ్ టెన్" అనే సమాఖ్యలో పద్దెనిమిది జట్లున్నాయి. ఇది ఒక్క విశ్లేషకుడికీ లెక్క తప్పుగా కనబడదు! నూరేళ్ల పగను ఒక మధ్యాహ్నం సంతకంతో చంపినవాడిని దూరదృష్టి గలవాడంటారు, ముప్పైసార్లు ఓడినా మళ్లీ టికెట్టు కొనుక్కుని వచ్చేవాడికి మాత్రం శాతాల పాఠం చెబుతారు. సిగ్గులేదు వీళ్లకు.

మొన్నటి నవంబరులో మా మిత్రుడింటికి ఒకరోజు ముందుగానే వెళ్లాను. ఆ వారంలో విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఇంగ్లిషు ఎం అక్షరం ఎక్కడ కనిపించినా ఎర్ర టేపుతో కొట్టివేయడం ఇక్కడి ఆచారం. వంటింట్లో ఆవాల డబ్బా మీద, మసాలా డబ్బా మీద టేపు అంటించి ఉంటే, అక్కడే చదువుతున్న కూతురి పనై ఉంటుందనుకున్నాను. ఆయన పట్టిక చూపిస్తానని ల్యాప్‌టాప్ తెరిచాడు. కీబోర్డు మీద కింది వరసలో ఒక మీట మీద ఎర్ర టేపు, అంచులు గోటితో నొక్కి శుభ్రంగా అంటించి ఉంది. పట్టికలో ఒక నిలువు వరసకు "ఒహాయో స్టేట్" అని శీర్షిక. రెండో వరసకు "ఆ పై రాష్ట్రం".