ఏవీని డాక్యుమెంటరీ అనకండి

ప్రీ రిలీజ్ ఈవెంట్లలో ‘ఏవీ’ వేస్తారు కదా, లైట్లు ఆపేసి, నాలుగైదు నిమిషాలు. హీరోగారి చిన్నప్పటి ఫొటో, మొదటి సినిమా క్లిప్పు, వెనక నుంచి బరువైన గొంతుతో నాలుగు ప్రాసలు, చివర్లో స్లో మోషన్ నడక. దాన్ని చూసి ఎవరూ మోసపోరు. అది పొగడ్త అని వేసినవాడికి తెలుసు, చూసేవాడికి తెలుసు, ముందు వరసలో సిగ్గుపడుతున్నట్టు కూర్చున్న హీరోకి ఇంకా బాగా తెలుసు. నాకు ఏవీతో గొడవ లేదు. అదే ఏవీని గంటల కొద్దీ సాగదీసి, డ్రోన్ షాట్లు అద్ది, ఓటీటీలో ‘డాక్యుమెంటరీ సిరీస్’ అని బోర్డు కడితే, మనం కూడా నిజంగా ఒక మనిషి జీవితం చూసేశామనుకుని కళ్లు తుడుచుకుంటున్నాం చూడండి, అక్కడుంది నా గొడవ.

లాక్‌డౌన్‌లో అందరం చూసిన ‘ద లాస్ట్ డాన్స్’నే తీసుకోండి. 1997-98 సీజన్ అంతా చికాగో బుల్స్ అనే అమెరికా బాస్కెట్‌బాల్ జట్టు వెంట తిరిగిన కెమెరాలు తీసిన ఫుటేజీ అందులో అసలు సరుకు, ఏకంగా 500 గంటలు. ఆ జట్టు స్టార్ మైకేల్ జోర్డాన్ ఒప్పుకుంటే గానీ బయటికి తియ్యకూడదన్న షరతు మీద అది దాదాపు ఇరవై ఏళ్లు మూలన పడుంది. ఆయన ఒప్పుకున్నాక, నిర్మాణంలో ఆయన కంపెనీ కూడా చేరింది. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది, అబద్ధమెందుకు, నేను రెండుసార్లు చూశా. కానీ అదే జట్టులో ఆయన పక్కన నిలబడి ఆడిన స్కాటీ పిపెన్ తర్వాత తన పుస్తకంలో దాని మీద ఎంత మండిపడ్డాడో చదివితే తెలుస్తుంది, పది ఎపిసోడ్లలో ఎవరి మాట నెగ్గిందో. 2023లో వచ్చిన ‘బెక్‌హమ్’ తీసింది స్టూడియో 99, ఆ స్టూడియో ఫుట్‌బాల్ ఆటగాడు బెక్‌హమ్‌దే. రెండూ ఎమ్మీలు, అంటే అమెరికా టీవీ అవార్డులు, కొట్టాయి. ఇక అమెరికా ప్రథమ మహిళ మెలానియా మీద సినిమాకి అమెజాన్ 4 కోట్ల డాలర్లు పెట్టిందని వార్తలొచ్చాయి, దానికి నిర్మాతల్లో ఆవిడే ఒకరు. అదే అమెరికాలో, 2025లో ఆస్కార్ గెలిచిన ‘నో అదర్ లాండ్’కి, పాలస్తీనాలోని వెస్ట్ బ్యాంక్ ప్రాంతంలో ఇళ్లు కూలగొట్టడాన్ని ఏళ్ల తరబడి కెమెరాలో పట్టిన సినిమాకి, పంపిణీదారు దొరకలేదు. తీసినవాళ్లే థియేటర్లు వెతుక్కుని వేసుకున్నారు.

మా ఇంట్లో ఒక పెళ్లి క్యాసెట్ ఉంది, తొంభైల నాటిది. మూడు గంటలు. ఆ పెళ్లిలో లాంఛనాల దగ్గర పెద్ద రభస జరిగింది, మగపెళ్లివారు భోజనాలకి లేవలేదు, మా పెదనాన్న ఎవరి కాళ్లో పట్టుకున్నంత పని చేశాడు. క్యాసెట్‌లో అదేం కనపడదు. తలంబ్రాలు, అప్పగింతలు, తామరపువ్వులోంచి వధూవరులు బయటికొచ్చే గ్రాఫిక్కు, అంతా సుభిక్షం. కాకపోతే వీడియో అబ్బాయి కొయ్యడం మర్చిపోయిన ఒక ముక్క ఉంది. ఏడెనిమిది సెకన్లుంటుందేమో. కెమెరా పందిరి గుంజ వైపు తిరిగి ఉంటుంది, బొమ్మలో మనుషులెవరూ ఉండరు, పెదనాన్న గొంతు మాత్రం వినిపిస్తుంది: “ఆ కెమెరా ఆపవయ్యా బాబూ ముందు!” ఇంట్లో ఎప్పుడు ఆ క్యాసెట్ పెట్టినా అందరం అక్కడికే రివైండ్ చేసేవాళ్లం. మూడు గంటల క్యాసెట్‌లో డాక్యుమెంటరీ ఏదైనా ఉందంటే ఆ ముక్కే.

పెళ్లి వీడియోకి డబ్బులిచ్చేది పెళ్లివారు. గొడవ ఎందుకు ఉంచుతారు? జోర్డాన్ అయినా, బెక్‌హమ్ అయినా అంతే.

ఇప్పుడు రెండో రకం, ఆపమన్నా ఆగని కెమెరా సంగతి చెప్పనివ్వండి. అమెరికా డాక్యుమెంటరీ దర్శకుడు ఎరల్ మోరిస్ టెక్సస్ వెళ్లింది అసలు వేరే పని మీద. మరణశిక్షల కేసుల్లో ‘వీడు మళ్లీ చంపుతాడు’ అని వరసగా సాక్ష్యాలిచ్చే ఒక సైకియాట్రిస్టు మీద సినిమా తీద్దామని. అక్కడ జైల్లో రాండల్ ఆడమ్స్ అనే ఖైదీ తగిలాడు. 1976లో డాలస్‌లో ఒక పోలీసును కాల్చి చంపాడన్నది కేసు. ముందు మరణశిక్ష వేశారు, తర్వాత యావజ్జీవం చేశారు. నేను చెయ్యలేదు మొర్రో అంటాడు. అందరూ అనేదే కదా అది. మోరిస్ మాత్రం సాక్షుల్ని ఒక్కొక్కరినీ పట్టుకుని మాట్లాడించుకుంటూ పోయాడు. ఆ రోజు ఆడమ్స్‌తో కలిసి కారులో తిరిగిన డేవిడ్ హారిస్ అనే కుర్రాడితో చివరి ఇంటర్వ్యూ నాటికి కెమెరా చెడిపోయింది. చేతిలో ఉన్నది ఒక టేప్ రికార్డర్. అందుకే ‘ద థిన్ బ్లూ లైన్’ చివర్లో తెర మీద మొహాలుండవు. ఒక చిన్న టేప్ రికార్డర్, అటు నుంచీ ఇటు నుంచీ అదే, లోపల క్యాసెట్ తిరుగుతూ ఉంటుంది. అందులోంచి హారిస్ గొంతు, దాదాపు ఒప్పేసుకుంటూ, ఆడమ్స్ నిర్దోషి అని తనకెలా తెలుసో చెబుతూ. సినిమా 1988లో వచ్చింది. 1989 మార్చిలో ఆడమ్స్ బయటికొచ్చాడు, పన్నెండేళ్లు లోపలున్నాక.

ఇంకో ముక్క. 2012లో వచ్చిన ‘ద ఆక్ట్ ఆఫ్ కిల్లింగ్’లో 1965-66 నాటి ఇండోనేషియా హత్యాకాండలో చేతులున్నవాళ్లే నవ్వుతూ, డాన్సులాడుతూ ఎలా చంపామో నటించి చూపిస్తారు. ఆ హత్యలు 5 లక్షల నుంచి 10 లక్షల దాకా ఉంటాయని అంచనా. అయిపోయాక టైటిల్స్ చూస్తూ కూర్చోండి. ఒక సహ దర్శకుడి పేరు దగ్గర ‘అజ్ఞాత వ్యక్తి’. కెమెరా పనివాళ్లలో కొందరి దగ్గర అదే. డ్రైవర్ల దాకా అదే. పేరు బయటపడితే ప్రాణానికి ముప్పు కాబట్టి. అక్కడేమో కథానాయకుడే తన పేరు నిర్మాతగా వేయించుకుంటాడు, ఇక్కడేమో తీసినవాళ్లలో ఎంతోమందికి పేరే లేదు. రెండింటినీ ఒకే మాటతో పిలుస్తున్నాం మనం.

‘తన కథ తను చెప్పుకుంటే తప్పేంటి, బయటివాళ్లొచ్చి పేదవాళ్ల బతుకులు తీసుకుపోయి అవార్డులు కొట్టడం బాగుందా’ అనేవాళ్లున్నారు. అందులో న్యాయం ఉంది. ఆ ఆడమ్సే విడుదలయ్యాక తన కథ మీద హక్కుల కోసం మోరిస్‌తో లీగల్‌గా తగువు పడ్డాడు. కానీ దానికి మందు వేరే ఉంది. ‘హనీలాండ్’ తీసినవాళ్లు ఉత్తర మాసిడోనియాలో, కరెంటు కూడా లేని పల్లెలో తేనె తీసే హతిజె వెంట మూడేళ్లు తిరిగారు, 400 గంటల ఫుటేజీ. కొండ అంచున రాతి పలక తొలగించి, ఉత్త చేతులతో పట్టు తీసి, సగం నాకు, సగం మీకు అని తేనెటీగలతో చెప్పే మనిషి ఆవిడ. సినిమా అవార్డు గెలిచాక ఆ డబ్బుతో ఆవిడకి పక్క ఊళ్లో ఇల్లు కొనిచ్చారు. డబ్బులో వాటా ఇవ్వండి, బాగా ఇవ్వండి. ఎడిటింగ్ రూమ్ తాళం మాత్రం ఇవ్వకండి.

అసలు మన జబ్బు ఓటీటీతో వచ్చింది కాదనిపిస్తుంది నాకు. మనకి ఒకరి జీవితం గురించి రాయడమంటే సన్మాన సంచికే. బహుముఖ ప్రజ్ఞాశాలి, అజాతశత్రువు, మృదుస్వభావి. తెలుగునాట పోయినవాళ్లందరూ అజాతశత్రువులే, మరి ఈ కోర్టుల్లో దావాలన్నీ ఎవరు వేశారో. యూట్యూబ్ ఇంటర్వ్యూలూ అంతే, ‘మీ జర్నీ చెప్పండి సార్’ అని మొదలైనప్పుడే మనకి తెలిసిపోతుంది ఏమీ తెలియబోదని. మరో దారి లేకపోలేదు. దీపా ధన్‌రాజ్ 1984 హైదరాబాద్ అల్లర్ల మీద 1986లోనే ‘క్యా హువా ఇస్ షహర్ కో’ తీసింది, రోహిత్ వేముల తర్వాత లేచిన విద్యార్థి ఉద్యమం మీద 2018లో ఇంకోటి. మనలో ఎంతమందిమి చూశాం?

దూబగుంట సంగతే చూడండి. నెల్లూరు జిల్లా. తొంభైల మొదట్లో రాత్రి బడిలో ఆడవాళ్లు ‘సీతమ్మ కథ’ అనే పాఠం చదువుకున్నారు, సారా చుట్టూ నడిచే ఒక ఆడమనిషి కథ. చదివి ఊరుకోలేదు, ఊళ్లోకి సారా రానివ్వలేదు. అది జిల్లా దాటి, రాష్ట్రమంతా పాకి, 1993లో ప్రభుత్వమే సారా నిషేధించాల్సి వచ్చింది. వాళ్లని నడిపించిన రోశమ్మ 2016లో పోయింది. ఆవిడకి స్టూడియో లేదు, మేనేజర్ లేడు, ఏవీ వేయించే అభిమాన సంఘమూ లేదు. నాలుగు ఎపిసోడ్ల సిరీస్ ఏ ఓటీటీలోనూ నాకైతే కనపడలేదు. ఆ రాత్రి బడిలో పలక పట్టుకున్న ముప్ఫై ఏళ్ల ఆడవాళ్లకి ఇప్పుడు అరవై దాటి ఉంటాయి. సారా బళ్లు ఆపిన రోజు మొదట ఎవరు అడ్డం పడుకున్నారో, ఇంటికెళ్లాక ఎవరు దెబ్బలు తిన్నారో, ఎవరు మధ్యలో భయపడి తప్పుకున్నారో వాళ్లకి గుర్తే. ఒక కెమెరా, ఒక మైకు, ఆత్మకూరో కావలో వెళ్లే బస్సు టికెట్టు. అంతే ఖర్చు.