డైలాగ్ ఛాయిస్‌లు ఉత్త మోసం కాదు

వైజాగ్ గేమింగ్ వాట్సాప్ గ్రూపుల్లో ఈమధ్య ఒక పోస్టు తెగ తిరుగుతోంది. రోల్ ప్లేయింగ్ గేముల్లో, అంటే మనమే ఒక పాత్రగా కథ నడిపే గేముల్లో, డైలాగ్ ఛాయిస్‌లన్నీ (మన పాత్ర ఏం మాట్లాడాలో ఎంచుకునే ఆప్షన్లు) ఉత్త మోసమని దాని వాదన. ఏ ఆప్షన్ నొక్కినా కథ ఒకే చోటికి వస్తుందట. కథలు వేరుగా రాయకపోవడం బద్ధకమట. ఆప్షన్లు ఎక్కువుంటేనే గొప్ప గేమట. కాబట్టి మాటలు స్కిప్ కొట్టి ఫైట్లు ఆడుకోమని సలహా. మద్దిలపాలెంలో ఉండే మా పిన్ని కొడుకు కొత్తగా ఈ గేములు మొదలుపెట్టాడు. ఈ పోస్టు నమ్మి అన్నీ దాటేస్తున్నాడు. అది చూశాక ఊరుకోలేకపోయాను.

"ఏ రాయైతేనేం పళ్లూడగొట్టుకోవడానికి" అన్నట్టుంది మొదటి పాయింటు. ఈ కోపానికి కారణం లేకపోలేదు. 2012లో మాస్ ఎఫెక్ట్ 3 వచ్చినప్పుడు, మూడు గేముల నిర్ణయాలన్నీ చివర్లో ఇంచుమించు ఒకేలాంటి దృశ్యాల్లో కలిసిపోయాయని అభిమానులు మండిపడ్డారు. అదే ఏడాది ముగింపును పొడిగించి ఉచితంగా ఇవ్వాల్సి వచ్చింది. ఆ కోపం న్యాయమే.

కానీ అదే సిరీస్‌లో మన జట్టులో ఉండే గ్రహాంతర యోధుడు రెక్స్ సంగతి చూడండి. 2007 నాటి మొదటి గేమ్‌లో, తన జాతిని పిల్లలు పుట్టకుండా చేసిన జబ్బుకు మందున్న చోటునే మనం పేల్చేయబోతున్నామని తెలిసి అతను మన మీదే తుపాకీ ఎత్తుతాడు. మనకు ఒప్పించే నేర్పు ఉండాలి, లేదా అంతకుముందే అతని వంశపు కవచం వెతికి తెచ్చిచ్చి ఉండాలి. రెండూ లేకపోతే రెక్స్ మనకు దక్కడు. ఆ సేవ్‌తోనే (దాచుకున్న ఆటతోనే) ముందుకెళ్తే, మూడో గేమ్‌లో అతని జాతిని నడిపించేది రీవ్ అనే యుద్ధపిచ్చివాడు. ఆ జబ్బుకు మళ్లీ తయారయ్యే మందును ఇలాంటివాడి చేతికి ఇవ్వాలా? రెక్స్‌ను బతికించుకున్నవాళ్లకు ఈ ప్రశ్న ఇంత బరువుగా ఎదురుకాదు.

ది విచర్ 2 (2011) అయితే ఇంకా తెగించింది. మొదటి అధ్యాయం చివర్లో సైనికాధికారి రోష్‌తో వెళ్తారా, తిరుగుబాటు నాయకుడు యోర్వెత్‌తో వెళ్తారా అన్నదాన్ని బట్టి రెండో అధ్యాయమే వేరు. గాజువాకలో ఉండే మా ఫ్రెండూ నేనూ ఒకేసారి ఆడాం, వాడు రోష్‌తో, నేను యోర్వెత్‌తో వెళ్లాం. ఫోన్‌లో నేను వెర్గెన్ ఊళ్లో సందుల గురించి చెబుతుంటే, "వెర్గెన్ లోపలికి ఎప్పుడెళ్లావురా? నేనింకా సైనికుల శిబిరంలోనే ఉన్నా" అన్నాడు. ఇద్దరిదీ ఒకే గేమ్.

ఇక బద్ధకం మాట. రెండేసి దారులుగా పదిసార్లు చీలిస్తే 1,024 కథలవుతాయి. అన్నిటికీ గొంతులు, యానిమేషన్లు ఎవరు చేయగలరు? అందుకే దారుల్ని మళ్లీ కలిపేస్తారు, మనం చేసినవి మాత్రం గుర్తుపెట్టుకుంటారు. ది విచర్ 3 (2015)లో ముసలి గురువు వెసెమిర్ చనిపోయాక, మన హీరో కూతురిలా పెంచిన సిరి దిగాలుగా ఉంటుంది. మందు తాగుదామనొచ్చు, మంచు ముద్దలతో ఆడుకోవచ్చు. చాలా చిన్న విషయం. కానీ చివర్లో సిరి బతుకుతుందా లేదా అని తేల్చే లెక్కలో అదీ ఉంటుంది. నాకు ఇంతకంటే నిజాయితీగల డిజైన్ కనబడదు. పిల్లల్ని పెంచడంలోనూ పెద్ద ప్రసంగాలకంటే ఇలాంటి చిన్నవే పనిచేస్తాయి.

ఆప్షన్ల సంఖ్య గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఫాలౌట్ 4 (2015)లో నాలుగు ఉన్నాయి. తక్కువైనందుకే కాదు, రెండు మూడు ముక్కల్లో రాసినందుకూ జనానికి ఒళ్లు మండింది. నొక్కాక మన హీరో నోటి నుంచి ఏమొస్తుందో తెలియదు! అదే స్టూడియో స్టార్‌ఫీల్డ్ (2023)లో హీరో గొంతు తీసేసి పూర్తి వాక్యాలు ఇచ్చింది.

స్కిప్ కొట్టమన్న సలహా అన్నిటికంటే చెడ్డది. డిస్కో ఎలీసియం (2019)లో విడిగా ఫైటింగ్ సిస్టమే లేదు, మన 24 నైపుణ్యాలే మన బుర్రలో మాట్లాడుతుంటాయి. దాన్ని స్కిప్ కొడితే ఇంకేం ఆడతారు? ఫాలౌట్ 2 (1998)లో మన పాత్రకు తెలివి బాగా తగ్గించి పెడితే సరిగ్గా మాట్లాడటమే రాదు, గేమ్‌లో ఎదురయ్యేవాళ్లు చాలామంది మన మీద విసుక్కుంటారు. కానీ పశువులు కాసే అమాయకుడు టోర్ దగ్గరికి వెళ్తే ఇద్దరూ పండితుల్లా, నిండైన వాక్యాల్లో మాట్లాడుకుంటారు. తెలివైన పాత్రతో వెళ్లినవాళ్లకు మాత్రం టోర్ నోట ముక్కలు ముక్కలుగానే మాటలొస్తాయి.