జబ్బల కొవ్వు జబ్బల దగ్గర కరగదు, ఈ మాట ఆడపిల్లలకు ఎవరైనా చెప్పండి

మా ఉన్నత పాఠశాలలో పదో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి మధ్యాహ్న భోజనంలో తన కంచంలో వేసిన గుడ్డును మూడు వారాలుగా పక్కనున్న స్నేహితురాలి కంచంలోకి జార్చేస్తోందని వంట చేసే ఆమె నాతో చెప్పింది. పిలిచి అడిగితే చాలాసేపు తల వంచుకుని నిలబడి, చివరికి చున్నీని భుజాల మీదుగా మోచేతుల దాకా లాక్కుంటూ, "చేతులు లావుగా ఉన్నాయంటున్నారు టీచర్, గుడ్డు తింటే ఇంకా లావవుతాయంట" అంది. ఆ పిల్ల బరువు 44 కిలోలు. పది రోజుల్లో చేతుల కొవ్వు మాయమైపోతుందని చెప్పే వీడియో ఒకటి చూసి, పొద్దున టిఫినూ మధ్యాహ్నం గుడ్డూ మానేసి, రాత్రి పడుకునే ముందు రెండు నీళ్ల సీసాలు పట్టుకుని వందసార్లు చేతులు ఊపుతోందట. ఆ మాట విన్న దగ్గరి నుంచి నాకు కోపం తగ్గడం లేదు. 21 ఏళ్లుగా పిల్లలకు జీవశాస్త్రం చెబుతున్నదాన్ని, ఇదే అబద్ధానికి ఒకప్పుడు డబ్బు పోగొట్టుకున్నదాన్ని కూడా కనుక, తెలిసిన సంగతి తెలిసినట్టు రాస్తున్నాను.

శరీరంలో ఏ భాగాన్ని కదిలిస్తే ఆ భాగంలోని కొవ్వు కరుగుతుందన్న నమ్మకమే ఈ వ్యాపారానికంతటికీ పునాది, ఆ నమ్మకం తప్పు. కండరం పని చేసేటప్పుడు దానికి కావలసిన ఇంధనంలో ఎక్కువ భాగం తనలో ఉన్న నిల్వల నుంచీ, రక్తంలో ప్రవహిస్తూ వచ్చే చక్కెర, కొవ్వు ఆమ్లాల నుంచీ తీసుకుంటుంది. ఆ కొవ్వు ఆమ్లాలు పొట్ట నుంచి వచ్చాయా, తొడల నుంచి వచ్చాయా అన్నది దానికి అనవసరం. 1971లో అమెరికాలో టెన్నిస్ ఆటగాళ్ల రెండు చేతులనూ కొలిచి చూశారు. ఏళ్ల తరబడి రాకెట్ పట్టి లక్షలసార్లు విసిరిన చెయ్యి, ఖాళీగా ఉన్న రెండో చేతి కంటే చుట్టుకొలతలో పెద్దదిగా ఉంది కానీ, చర్మం కింద కొవ్వు మందం మాత్రం రెండు చేతుల్లోనూ దాదాపు ఒక్కలాగే ఉంది. 2007లో వెలువడిన మరో పరిశోధనలో వంద మందికి పైగా మనుషుల చేత 12 వారాలపాటు ఒక్క చేతికే బరువుల వ్యాయామం చేయించి, తర్వాత ఎంఆర్ఐ తీస్తే, వ్యాయామం చేసిన చేతిలోనే ప్రత్యేకంగా కొవ్వు తగ్గిన జాడ కనిపించలేదు. నీళ్ల సీసాను వందసార్లు ఊపడం వల్ల జబ్బ కొవ్వు పోతుందని చెప్పేవారు ఆ టెన్నిస్ చేతుల గురించి ఏం చెబుతారో నాకు తెలుసుకోవాలని ఉంది.

కరిగిన కొవ్వు ఎక్కడికి పోతుందన్న ప్రశ్నకు కూడా మా పదో తరగతి శ్వాసక్రియ పాఠంలోనే సమాధానం ఉంది. అది చెమటగా కారిపోదు, వేడిగా మారి మాయమైపోదు. 10 కిలోల కొవ్వు పూర్తిగా ఖర్చయితే దాదాపు 8.4 కిలోలు కార్బన్ డయాక్సైడుగా మన ఊపిరిలో బయటికి పోతుందనీ, మిగిలిన 1.6 కిలోలు నీరుగా మారుతుందనీ 2014లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు లెక్క కట్టి చూపించారు. అందుచేత జబ్బలకు ప్లాస్టిక్ కవరు చుట్టినా, బిగుతు తొడుగు వేసినా, వేడి పట్టీలు కట్టినా, పోయేది నీరే, అది కూడా రెండు గ్లాసుల మంచినీళ్లు తాగేదాకానే.

ఇంత తెలిసినదాన్ని ఎందుకు మోసపోయానంటే, అవమానం ముందు చదువు నిలబడలేదు. నాకు 45 ఏళ్లు వచ్చేసరికి బోర్డు మీద రాసేటప్పుడు చెయ్యి ఎత్తితే జబ్బ కింది భాగం వేలాడి కదలడం నాకే తెలిసేది, వెనక బెంచీల్లో నవ్వు వినిపిస్తే నా గురించేనేమో అనిపించేది. మా దర్జీ ప్రతి పండక్కీ జాకెట్టు చేతులు విప్పి లోపల దాచిన బట్టను కాస్త కాస్తగా వదిలేవాడు. విప్పిన చోట పాత కుట్టు సూది రంధ్రాలు చుక్కల గీతలా మిగిలిపోయేవి, ఇన్నాళ్లూ మడతలో ఉన్న బట్ట మిగతా చేతి కంటే ముదురు రంగులో కొత్తగా కనిపించేది. ఒకసారి ఆయన జాకెట్టును తిరగేసి వెలుతురుకు పట్టి చూసి, "ఇంక లోపల గుడ్డ లేదు మేడం గారూ" అన్నాడు. ఆయన మాటలో ఏ తప్పూ లేదు, కానీ ఆ వారమే నేను ఒక స్లిమ్మింగ్ సెంటరుకు వెళ్లి 24,000 రూపాయలు కట్టాను.

పది సిట్టింగులు. వేడి పట్టీ చుట్టడం, ఒక యంత్రంతో జబ్బలను గడగడలాడించడం, ఏదో జెల్లు రాయడం. పదో రోజున టేపుతో కొలిచి రెండు అంగుళాలు తగ్గిందని కాగితం మీద రాసిచ్చారు. ఆ టేపును ఎంత బిగించి లాగారంటే అది తీసేశాక కూడా చేతి మీద తెల్లటి గీత కాసేపు అలాగే ఉండిపోయింది. మొదటి రోజున జబ్బ మధ్యలో కొలిచిన మనిషే చివరి రోజున మోచేతికి దగ్గరగా కొలిచిందని ఇంటికి వచ్చాక అర్థమైంది. భుజం ఎముక నుంచి మోచేతి దాకా సగం దూరం లెక్కపెట్టి, పెన్నుతో గుర్తు పెట్టుకుని, దర్జీ టేపుతో వదులుగా కొలుచుకుంటే అదే 36 సెంటీమీటర్లు. వెళ్లి అడిగితే, మీరు తిండి విషయంలో సహకరించలేదు కనుక ఇంకో ప్యాకేజీ తీసుకోవాలన్నారు. ఒక గవర్నమెంటు టీచరుకు 24,000 చిన్న డబ్బు కాదు. అయితే డబ్బు పోయినందుకు కంటే, తప్పు నాలోనే ఉందని నన్ను నమ్మించి పంపినందుకు నాకు ఎక్కువ బాధ కలిగింది.

ఆ తర్వాత చేసిన పని చాలా సాదాసీదాగా ఉంటుంది, బహుశా అందుకే దాన్ని ఎవరూ అమ్మరు. మొదట నూనె లెక్క చూశాను. నలుగురం ఉన్న మా ఇంట్లో నెలకు 5 లీటర్ల నూనె అయ్యేది. అంటే మనిషికి రోజుకు సుమారు 38 గ్రాములు, 340 కేలరీలు, అది కూడా ఎవరి కంచంలోనూ విడిగా కనిపించకుండా కూరల్లో, పోపుల్లో, దోసెల అంచుల్లో కలిసిపోయేది. సీసా వంచి పొయ్యడం మానేసి చెంచాతో కొలవడం మొదలుపెట్టాక అది 3 లీటర్లకు వచ్చింది. మనిషికి రోజుకు 130 కేలరీలకు పైగా తగ్గాయి, ఇంట్లో ఒక్కరు కూడా రుచి తగ్గిందనలేదు. అరగంటకు పైగా నడిస్తే ఖర్చయ్యేంత శక్తి అది.

తర్వాత అన్నం. నేను మధ్యాహ్నం తినే అన్నాన్ని ఒకరోజు త్రాసులో పెట్టి చూస్తే 400 గ్రాములు తూగింది, రాత్రికి మళ్లీ అంతే. రెండు పూటలకూ కలిపి వెయ్యి కేలరీలకు పైగా ఒక్క అన్నం నుంచే వస్తుంటే, దాని మీదకు పప్పు రెండు గరిటెలు, అదీ పలుచగా, కూర పేరుకు మాత్రం. మన తెలుగు ఇళ్లలో కూర అన్నం కలుపుకోవడానికే కానీ తినడానికి కాదన్నట్టు వడ్డిస్తాం. అందులోనూ ఇంట్లో ఆడవాళ్లం అందరికీ పెట్టాక గిన్నె అడుగున మిగిలిన పులుసుతో, ఆవకాయతో, మిగిలిపోయిన అన్నమంతా పారెయ్యలేక తినేస్తాం. లావు కావడానికి కారణం తిండిపోతుతనమని ఎగతాళి చేసేవాళ్లు ఈ చివరి బంతిని ఎప్పుడూ చూసి ఉండరు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలలో మన రోజువారీ శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదని చెప్పింది. నా లెక్క దానికి ఎంతో ఎక్కువగా ఉంది. మాంసకృత్తుల విషయానికి వస్తే, కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు కావాలన్నది మన దేశంలో పెద్దవాళ్లకు పెట్టిన ప్రమాణం. 71 కిలోల నాకు అది 59 గ్రాములు. నాకు అందుతున్నవి 45 లోపే, వాటిలోనూ సగం అన్నం నుంచి వచ్చేవే.

కాబట్టి అన్నాన్ని పూటకు 200 గ్రాములు చేశాను. పప్పును ముద్దపప్పులా చిక్కగా వండి ఒక గిన్నె నిండా పెట్టుకోవడం, రోజుకు రెండు గుడ్లు, సాయంత్రం పకోడీల బదులు ఉడికించిన శనగలు, మజ్జిగ బదులు గడ్డ పెరుగు, అన్నం తగ్గిన మేరకు బీరకాయో సొరకాయో గోరుచిక్కుడో కూర. ఏ పొడులూ కొనలేదు. టీలో చక్కెర మానడానికి మాత్రం నాకు రెండు నెలలు పట్టింది.

ఇక వ్యాయామం గురించి చెప్పవలసింది ఉంది. జబ్బ వెనక భాగంలో ఉండే మూడు తలల కండరం, ముందు భాగంలో ఉండే కండరం కంటే పెద్దది. వయసుతో, కదలిక లేకపోవడంతో అది తగ్గిపోతే పైనున్న కొవ్వుకూ చర్మానికీ ఆసరా పోయి జబ్బ మరింత వేలాడుతుంది. బరువులెత్తితే దాని పైనున్న కొవ్వు కరగదు, కానీ తిండి తగ్గించి సన్నబడే కాలంలో కండరం కరిగిపోకుండా నిలుస్తుంది. బరువుల అవసరం ఇక్కడే ఉంది. బరువు కూడా బరువులా ఉండాలి. నేను మొదట గోడకు చేతులు ఆనించి పుషప్‌లు చేశాను, మూడు నెలలకు వంటగట్టు ఎత్తుకు, ఆ తర్వాత మంచం ఎత్తుకు దిగాను. డంబెల్‌ను రెండు చేతులతో పట్టుకుని తల వెనక్కి దించి మళ్లీ పైకి చాపడం 2 కిలోలతో మొదలుపెట్టి ఇప్పుడు 6 కిలోలతో చేస్తున్నాను. నడుము వంచి బరువును పక్కటెముకల వైపు లాగడం, కుర్చీ లోంచి లేచి కూర్చోవడం, వారానికి మూడు రోజులు, ఒక్కోసారి 35 నిమిషాలు. మిగతా రోజుల్లో నడక. చివరి రెండు మూడుసార్లు చెయ్యి లేవడం కష్టమైతేనే ఆ బరువు సరిపోయినట్టు, తేలిగ్గా లేచిపోతుంటే పెంచాలి.

బరువులెత్తితే మగవాళ్లలా అయిపోతారని ఆడవాళ్లను భయపెట్టేవాళ్ల మీద నాకున్న కోపం ఇంతా అంతా కాదు. మన దగ్గర మూడో అంతస్తుకు 20 లీటర్ల నీళ్ల టిన్ను మోసుకెళ్లేది ఆడవాళ్లే, గ్యాస్ బండను వంటింట్లోకి దొర్లించుకుని వెళ్లేదీ, నాలుగేళ్ల పిల్లను చంకనేసుకుని బస్సెక్కేదీ ఆడవాళ్లే. ఆ చేతులకు అర కిలో నీళ్ల సీసాను వ్యాయామంగా చూపించడం వాళ్ల బలాన్ని అవమానించడమే. పురుషులలో కండలు పెంచే టెస్టోస్టెరాన్ అనే హార్మోను మన ఒంట్లో ఎంతో తక్కువ కనుక, వారానికి మూడు రోజులు డంబెల్ పట్టినంత మాత్రాన ఎవరి చేతులూ పహిల్వాన్ల చేతులు కావు.

అయిదు నెలలకు నేను 4 కిలోలు తగ్గాను, జబ్బలు ఒక్క సెంటీమీటరు తగ్గాయి. మొదట తగ్గింది ముఖం, మెడ. కొవ్వు ఏ వరుసలో వచ్చిందో, ఏ వరుసలో పోతుందో చాలావరకు వంశం నిర్ణయిస్తుంది. మా అమ్మవి కూడా ఇవే జబ్బలు. చాలామంది ఆడవాళ్లు మానేసేది సరిగ్గా ఈ మలుపులోనే, ఎందుకంటే అద్దంలో జబ్బలు అలాగే ఉంటాయి, చుట్టాలు మాత్రం ముఖం చూసి జాలిపడతారు. ఒక పెళ్లిలో మా పెద్దత్తయ్య అందరి ముందూ నా గడ్డం పట్టుకుని, "ఏంటమ్మా అలా పీక్కుపోయావు, షుగరేమైనా వచ్చిందా?" అని అడిగింది. ప్రేమతో అడిగిన మాటే అది, అయినా ఆ రాత్రి రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను. దయచేసి సన్నబడుతున్న మనిషిని ఆ మాట అడగకండి. 14 నెలలు గడిచేసరికి నా బరువు 63 కిలోలకు, జబ్బ చుట్టుకొలత 32.5 సెంటీమీటర్లకు వచ్చాయి. చర్మం కొద్దిగా వదులుగా ఉంది, అది అలాగే ఉంటుంది.

తిండీ వ్యాయామమూ సరిగ్గా ఉండి కూడా కదలని లావు కొన్నిసార్లు జబ్బు కావచ్చు. థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి. రెండు చేతులూ సమానంగా లావై, లావు మణికట్టు దగ్గర ఆగిపోయి, నొక్కితే నొప్పిగా ఉండి, చిన్న దెబ్బకే కమిలిపోతుంటే అది లైపెడీమా, అంటే చర్మం కింద కొవ్వు అసహజంగా పేరుకుపోయే జబ్బు, అయ్యే అవకాశం ఉంది. రొమ్ము ఆపరేషన్ తర్వాత ఒక్క చెయ్యే వాస్తే ఆలస్యం చెయ్యకుండా ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గరికే వెళ్లాలి. వదులైన చర్మాన్ని తీసేసే శస్త్రచికిత్స ఉంది కానీ, అది చంక నుంచి మోచేతి వైపు పొడవైన మచ్చ మిగులుస్తుందని ముందే తెలుసుకుని వెళ్లండి.

నా బాధ నా జబ్బల గురించి కాదు. మన రెండు రాష్ట్రాల్లోనూ ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. ఎముకలూ కండరాలూ పెరిగే వయసులో ఉన్న పిల్ల, ఎవరో అమ్ముకునే అబద్ధం కోసం తన ఒక్క గుడ్డును వదులుకుంటుంటే, బడిలో ఆటల పీరియడ్ అంటే మగపిల్లలు మైదానంలోకి, ఆడపిల్లలు వేపచెట్టు నీడలోకి వెళ్లడం మామూలైపోయింది. పదో తరగతికైతే ఆ పీరియడ్‌ను కూడా లెక్కలకు ఇచ్చేస్తున్నాం, ఇందులో నా తప్పు కూడా ఉంది, నేనూ సిలబస్ పూర్తి కాలేదని ఎన్నోసార్లు తీసుకున్నాను.

పోయిన సోమవారం నుంచి హెడ్మాస్టరు గారిని అడిగి వారానికి రెండు ఆటల పీరియడ్‌లలో ఆ తరగతి ఆడపిల్లలను వరండా గోడ దగ్గర నిలబెట్టి పుషప్‌లు చేయిస్తున్నాను. మొదటి రోజు చున్నీలు జారిపోతాయని సగం మంది కదల్లేదు. రెండో రోజు చున్నీలన్నీ తీసి ఒక బెంచీ మీద పెట్టారు. ఆ అమ్మాయి నిన్న వరసగా 11 చేసి, చేతులు వణుకుతుంటే చూపించడానికి నా దగ్గరికి వచ్చింది. గుడ్డు మాత్రం ఇంకా తెల్లసొన వరకే తింటోంది, పచ్చసొన పక్కమ్మాయికి ఇచ్చేస్తోంది.